యమునకూ పెన్నకూ మధ్య

1952లో ఒక ఇరవై మూడేళ్ళ అమ్మాయి అరంగేట్రం జరిగింది. ఆమె పుట్టింది మహారాష్ట్రలోని వాడా అనే ఊళ్ళో, ఒక గుజరాతీ కుటుంబంలో. లా చదువు మధ్యలో వదిలేసి, నాట్యం కోసం మద్రాసు చేరింది. గురువు కాంచీపురం ఎల్లప్ప పిళ్ళై. ఆ ప్రదర్శన మీద వచ్చే డబ్బు రాయలసీమ కరువు సహాయ నిధికి.

గురువు ‘మధుర నగరిలో’ పాడుతున్నాడు. ఆమె యమునని అభినయిస్తోంది. నిండుగా పారే నది, అందులో సఖుల జలకాలాటలు, చేతుల్తో చిమ్ముకునే నీళ్ళు. సరిగ్గా అక్కడ ఆమెకి పేపర్లో చూసిన ఫొటోలు గుర్తొచ్చాయి. బీటలు వారిన నేల. చిన్న చిన్న డబ్బాలు పట్టుకుని నీళ్ళ కోసం వంకర్లు తిరిగిన క్యూలో నిలబడ్డ జనం. ఈ ప్రదర్శన ఎవరి కోసమో వాళ్ళే. వాళ్ళ కోసమని చెప్పి తను స్టేజి మీద ఒలకబోస్తున్నది నీళ్ళు! ఆమె ఆ క్షణంలో బిగుసుకుపోయింది. తనలో ఇద్దరు మనుషులు విడిపోయినట్టు అనిపించిందని తర్వాతి కాలంలో చాలాసార్లు చెప్పుకుంది.

ఆ అమ్మాయి పేరు చంద్రలేఖ.

ఈ పేరు తెలుగులో వెతికితే ముందు 1948 నాటి జెమినీ వాళ్ళ సినిమా వస్తుంది, తర్వాత 1998 నాటి నాగార్జున సినిమా వస్తుంది. ఈ చంద్రలేఖ గురించి ఏదైనా దొరకాలంటే చాలా కిందికి పోవాలి. మన దేశంలో ఆధునిక నృత్యం అన్న మాటకి అర్థం తెచ్చిన నలుగురైదుగురిలో ఈమె ఒకరు. 2006 డిసెంబరు 30న చనిపోయేదాకా చెన్నై బీసెంట్ నగర్‌లో, సముద్రం పక్కనే ఉన్న తన ఇంట్లో పని చేస్తూనే ఉంది. ఆమె జీవితాన్ని మలుపు తిప్పిన ఆ క్షణంలో ఉన్న పాట తెలుగు పాట. ఆ క్షణంలో ఉన్న కరువు తెలుగు కరువు. అయినా ఆమె మన సాహిత్య చర్చల్లోకి ఎప్పుడూ రాలేదు.

*

నేను ఈ సంగతి చదివింది రుస్తుం భరూచా 1995లో ఆమె మీద రాసిన ఇంగ్లీషు పుస్తకంలో. మాది అనంతపురం జిల్లా. ఉద్యోగం చెన్నైలో, పాత మహాబలిపురం రోడ్డు మీద, రోజుకి పది గంటలు కుర్చీలో. ‘రాయలసీమ’ అన్న మాట ఆ పుస్తకంలో కనపడగానే, ఊరి బస్సులో తెలిసిన మొహం కనపడ్డట్టయింది.

1952 కరువుని మా వైపు ‘గంజి కరువు’ అంటారు. సర్కారు వాళ్ళు గంజి కేంద్రాలు పెట్టినారు కాబట్టి ఆ పేరు. మా అవ్వకి అప్పుడు పన్నెండేళ్ళుంటాయి. సత్తు గిన్నె పట్టుకుని గంజికి పోవడం, పెన్నేటి ఇసుకలో చెలమ తోడుకుని నీళ్ళూరే దాకా కూచోవడం ఆవిడ చెప్పిన సంగతులే. వాటిని దుఃఖంగా చెప్పేది కాదు. పక్కింటి పెళ్ళి గురించి చెప్పినట్టే చెప్పేది. ఒకసారి వంగిపోయిన ఆవిడ నడుముని చూసి డాక్టరు వయసు మీద పడిందన్నాడు. ఇంటికొచ్చాక నాతో అంది: “ముసిలితనానికి వంగలేదు నాయనా ఇది. కడవలకు వంగింది.”

ఆ దశాబ్దంలోనే, మా జిల్లా తరిమెల మనిషి విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ రాశాడు. నీళ్ళు లేని నది మీద కావ్యం. దాన్ని చదవకుండా రాయలసీమ సాహిత్యం గురించి ఎవరూ మాట్లాడలేరు. అంటే ఒకే కరువు దగ్గర రెండు నదులున్నాయి. పెన్న ఎండిపోయిందని ఒక కవి రాశాడు. యమున నిండుగా పారడం చూసి ఒక నర్తకి సిగ్గుపడింది. మనం మొదటి దాన్ని మన సాహిత్య చరిత్రలో పెట్టుకున్నాం. రెండోదాన్ని ఏ చరిత్రలో పెట్టాలి?

*

తెలుగులో విమర్శ చదువుతూ పెరిగినవాళ్ళకి ఇలాంటి కథ తర్వాత ఏం జరగాలో బాగా తెలుసు. కళాకారిణికి కనువిప్పు కలగాలి. గజ్జెలు విప్పి జనంలోకి వెళ్ళాలి. వెళ్ళాక జనం కష్టాల మీద నాట్యాలు కట్టాలి. ‘కరువు’ అనే నృత్య రూపకం ఒకటి రావాలి, అందులో ఖాళీ బిందెలు, ఎండిన చెట్టు, ఆకాశం వైపు చూసే రైతు ఉండాలి. ఇది వెక్కిరింత కాదు. ప్రజా నాట్యమండలి అలాంటి పని చేసింది, గొప్పగా చేసింది. మన ఊళ్ళల్లో చాలామందికి నాటకం అంటే ఏమిటో దానివల్లే తెలిసింది.

చంద్రలేఖ అలా చెయ్యలేదు. కొన్నేళ్ళు నాట్యం చేస్తూనే ఉంది, తర్వాత మెల్లగా స్టేజికి దూరమైంది. మధ్య కాలంలో పోస్టర్లు వేసింది, పుస్తకాలు డిజైన్ చేసింది, స్త్రీల ఉద్యమంలో తిరిగింది. 1982లో ఆమె మీదా, సహచరుడు సదానంద్ మేనన్ మీదా రాజద్రోహం కేసు కూడా పడింది, తర్వాత అది నిలబడలేదు. ఇదంతా చూస్తే, రాజకీయం తెలియక రూపం వెనక దాక్కున్న మనిషి అని ఆమెని అనలేం.

1984లో బొంబాయిలో తూర్పు, పడమరల నర్తకులు కలిసిన ఒక సమావేశంలో ఆమె మళ్ళీ స్టేజి మీదికి వచ్చింది. 1985లో ‘అంగిక’ తయారైంది. అందులో కరువు లేదు. కథ లేదు. దేవుడు లేడు. భరతనాట్యం అడుగులున్నాయి, కేరళ కళరిపయట్టు ఉంది, యోగా ఉంది. మనిషి శరీరం నిలబడుతుంది, వంగుతుంది, దూకుతుంది, దెబ్బ కాచుకుంటుంది. అంతే.

అంటే నీళ్ళ దగ్గర మొదలైన ప్రశ్న ముప్పై ఏళ్ళు తిరిగి వెన్నెముక దగ్గర తేలింది. ఎందుకు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలటం లేదు. జవాబు కోసం ఆమె చేసిన పనిలో ఏం ఉందో చూడటం కంటే, ఏం తీసేసిందో చూడటం ఎక్కువ ఉపయోగపడింది.

మొదట పోయింది నగల బరువు. ఆ తర్వాత దైవభక్తిని ప్రదర్శనకి పెట్టడం. ఎప్పుడూ ఎవరికోసమో ఎదురుచూసే నాయిక కూడా పోయింది. స్టేజి మీద నటరాజ విగ్రహం, పూలదండ, సన్నివేశానికో చిరునవ్వు, పాటలో ప్రతి మాటకీ ఒక ముద్ర, అన్నీ పోయాయి. చివరికి మిగిలింది మామూలుగా కట్టుకున్న చీర, ఖాళీ నేల, అర్ధమండలిలో విచ్చుకున్న మోకాళ్ళు, నిటారుగా వెన్ను.

దీన్ని చాలామంది పడమటి ప్రభావం అన్నారు. ఇంకొందరు రూపవాదం అన్నారు. నేను చదువుకున్న పద్ధతి వేరు. అది మా అవ్వ వంటింట్లోంచి వచ్చింది.

మా ఇంట్లో నీళ్ళని ఒకసారి వాడి పారబోయడం అనేది లేదు. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్లోకి పోతాయి. మొహం కడుక్కున్న నీళ్ళు కరివేపాకు చెట్టుకి పోతాయి. గిన్నెలు ముందు బూడిదతో రుద్దితే, కడగడానికి రెండు చెంబులు చాలు. దీన్ని మేం పొదుపు అని కూడా అనుకోలేదు. నీళ్ళకి ఇచ్చే మర్యాద అలా ఉంటుంది, అంతే. కరువు తెలిసిన ఇంట్లో ఏ కదలికా ఊరికే ఉండదు. చెయ్యి చాపితే ఒక పని ఉంటుంది, వంగితే ఒక కారణం ఉంటుంది.

చంద్రలేఖ నాట్యంలో నాకు కనపడేది ఆ మర్యాద. కదలికని ఆమె నీళ్ళలాగా వాడుతుంది. ఎంత కావాలో అంతే. సమృద్ధిని చూపించబోయి సిగ్గుపడిన మనిషి, కరువుని చూపించడానికి కూడా ఒప్పుకోలేదు. ఎందుకంటే కరువుని అభినయించడమూ ఒక రకం సమృద్ధే: బోలెడు హావభావాలు, బోలెడు కన్నీళ్ళు, చివర్లో బోలెడు చప్పట్లు. ఆమె చేసింది నాట్యాన్నే కరువు నేల మీద నిలబెట్టి, ఇక్కడ దీనికి ఏమేం లేకపోయినా బతుకుతుందో పరీక్షించడం.

ఆమె ఎక్కడా ఈ మాట అనలేదు. శక్తి గురించి చెప్పింది, జామెట్రీ గురించి చెప్పింది, శరీరంలో నిద్రపోయే బలం గురించి చెప్పింది. ఇది నా చదువు మాత్రమే. కానీ 1952 కథని ఆమె జీవితాంతం మళ్ళీ మళ్ళీ ఎందుకు చెప్పుకుందో, ఈ చదువు లేకపోతే నాకు అర్థం కాదు.

*

‘శ్రీ’ అనే నృత్యం 1991 నాటిది. నేను చూసింది వీడియో ముక్కలూ, ఫొటోలే. అందులో ఆడవాళ్ళు నడుములు వంచి, నేల చూపులు చూస్తూ, చాలా నెమ్మదిగా స్టేజికి ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తారు. ఏమీ మొయ్యరు. తల మీద బిందె లేదు, నెత్తిన గంప లేదు. కానీ మోసీ మోసీ అలవాటైన వెన్ను అది. వందల ఏళ్ళుగా ఆడమనిషిని వంచి ఉంచిన బరువంతా కనపడకుండా అక్కడ ఉంటుంది. తర్వాత ఆ వెన్నులు లేస్తాయి.

నేను దాన్ని ల్యాప్‌టాప్‌లో, ఆఫీసు క్యాబ్‌లో చూశాను. అవ్వ పోయి అప్పటికి రెండేళ్ళు. “కడవలకు వంగింది” అన్న మాట గుర్తొచ్చి వీడియో ఆపేశాను. బిందెని స్టేజి మీద పెట్టి ఉంటే నాకు అవ్వ గుర్తొచ్చేది కాదు. ఎవరో నటి గుర్తొచ్చేది.

‘శరీర’ మాత్రం చెన్నైలో ప్రత్యక్షంగా చూశాను. 2001లో కట్టిన నృత్యం, ఆమె చివరి పని. ఒక స్త్రీ, ఒక పురుషుడు. ధ్రుపద్ గానం. స్త్రీ తిషానీ దోషి. ఇంగ్లీషులో రాసే కవి. ఇరవై ఆరేళ్ళ వయసులో, నాట్యం చదువు ఏదీ లేకుండా చంద్రలేఖ దగ్గరికి వచ్చింది. పురుషుడు షాజీ కె. జాన్, కళరిపయట్టు మనిషి.

మొదటి పది నిమిషాలు నాకు ఊపిరాడలేదు, అదీ విసుగుతో. ఒక కాలు పైకి లేవడానికి అంతసేపు పడుతుందా? పక్కనున్నాయన దగ్గాడు. నా జేబులో ఫోను రెండుసార్లు వణికింది. ఎక్కడో సర్వరు పడిపోయి ఉంటుంది. తర్వాత ఎప్పుడో, ఎప్పుడో చెప్పలేను, నా వెన్ను దానంతట అదే నిటారుగా అయింది. ఎదురుగా ఒక మనిషి తన వెన్నులో ప్రతి ఎముకనీ ఎరిగి కదులుతుంటే, చూసేవాడు కుర్చీలో కూలబడి ఉండలేడు. రోజుకి పది గంటలు కూచునే శరీరం నాది. అది నాకు ఉందని గుర్తొచ్చేది నడుం నొప్పి వచ్చినప్పుడే. ఆ గంటలో నొప్పి లేకుండా గుర్తొచ్చింది.

తిషానీ దోషి మొదటి కవితల పుస్తకం పేరులోనే శరీరం ఉంది. కవిత్వం రాసేవాళ్ళు నాట్యం వైపు వెళ్తే వాక్యానికి ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఆ పుస్తకం మంచి మొదలు. మన సాహిత్య సభలు చూడండి. మూడు గంటల సభలో పదిమంది మాట్లాడతారు, అందరి శరీరాలూ కుర్చీల్లోనే ఉంటాయి. మన కవిత్వంలో గుండె, కన్ను, పిడికిలి దండిగా దొరుకుతాయి. మోకాలు, తుంటి, వెన్నుపూస ఎక్కడో గానీ కనపడవు.

*

చంద్రలేఖ గురించి మాట్లాడుతూ ఆమె ఇంటి గురించి మాట్లాడకపోతే సగమే చెప్పినట్టు. ఆ ఇంటి పేరు ‘స్పేసెస్’. ఎలియట్స్ బీచ్ దగ్గర, చెట్ల మధ్య. లోపల ఒక పెద్ద ఉయ్యాల బల్ల. రిహార్సల్ అక్కడే, ప్రదర్శన అక్కడే, పోస్టరు గియ్యడం అక్కడే, రాజకీయాల మీద పోట్లాట అక్కడే. డిజైనర్ దశరథ్ పటేల్, విమర్శకుడూ లైటింగ్ చేసే మనిషీ అయిన సదానంద్ మేనన్ ఆమెతో కలిసి పనిచేశారు.

ఒక ఊళ్ళో ఆధునిక నాట్యం ఎలా పుడుతుంది అని అడిగితే మనం సాధారణంగా అకాడెమీలు, ఫెస్టివల్స్, గ్రాంట్లు అంటాం. చెన్నైలో అది చాలావరకు ఒక ఇంట్లోంచి పుట్టింది. అక్కడికి వచ్చినవాళ్ళని “నువ్వు ఎన్నేళ్ళు నేర్చుకున్నావు?” అని అడగకపోవడంలోంచి పుట్టింది. పద్మినీ చెట్టూర్ సంగతి చూడండి. చిన్నప్పుడు భరతనాట్యం నేర్చుకుంది, బిట్స్ పిలానీలో కెమిస్ట్రీ చదివింది, 1991లో నేరుగా చంద్రలేఖ బృందంలో చేరింది. దాదాపు పదేళ్ళు అక్కడ పనిచేసి, తర్వాత తన దారిన తను ఇంకా పొడి నాట్యాలు కట్టింది. గురువు దగ్గర మిగిలిన కాస్త సౌందర్యాన్ని కూడా ఆమె అనుమానించింది. 2016లో కొచ్చి బినాలెలో ‘వర్ణం’ చేసింది. భరతనాట్య కచేరీకి గుండెకాయలాంటి వర్ణాన్ని విప్పి, ముక్కలు ముక్కలుగా మన ముందు పెట్టే పని. పద్మిని, ప్రీతి ఆత్రేయ, మార్టెన్ విస్సర్, ప్రవీణ్ కన్ననూర్ కలిసి ‘బేస్‌మెంట్ 21’ అనే బృందం పెట్టుకున్నారు. ఒక ఇంటి నుంచి ఇంకో నేలమాళిగ. చంద్రలేఖ పోయిన తర్వాత కూడా ఆ ఊళ్ళో ఆ ప్రశ్న ఆగలేదు.

ఇంజినీర్లు ఇష్టపడే చంద్రలేఖ ఒకామె ఉంది. 1989లో ఆమె ‘లీలావతి’ చేసింది. భాస్కరాచార్యుడి పన్నెండో శతాబ్దపు గణిత గ్రంథం ఆధారం. అందులోని పొడుపుకథల్లాంటి లెక్కలకి నాట్యం. లెక్కల్ని తెలుగు పద్యాల్లో పెట్టిన పావులూరి మల్లన వారసులం మనకి ఇది వింతగా అనిపించకూడదు. కానీ లెక్క మీద నాట్యం అంటే ఇప్పటికీ ఆఫీసులో నవ్వుతారు.

ఆ పుస్తకంలో నాకు బాగా ఇష్టమైన లెక్క ఒకటుంది. చెరువులో ఒక తామర మొగ్గ నీళ్ళ మీదికి అర మూర పైకి కనపడుతోంది. గాలికి వంగి, రెండు మూరల దూరంలో నీళ్ళలో మునిగింది. చెరువు లోతెంత? కాగితం మీద రెండు గీతలు గీస్తే మూడుంపావు కాదు, మూడు ముప్పావు మూరలని తేలుతుంది. లెక్క సులభమే. నాకు నచ్చేది లెక్క వేసే పద్ధతి. నీళ్ళలోకి ఎవరూ దిగరు. ఒక కాడ ఎంత వంగిందో చూసి లోతు చెప్తారు. కడవలకి వంగిన నడుముని చూసి మా అవ్వ ఎన్ని మైళ్ళు నడిచిందో చెప్పగలిగే లెక్క ఉంటే బాగుండేది.

*

తెలుగువాళ్ళం నాట్యం గురించి ఏం రాసుకుంటున్నాం అన్నది నన్ను ఇంకా ఇబ్బంది పెడుతుంది.

చెన్నైలో ఏ మార్గశిరంలోనైనా సభలకి వెళ్ళండి. క్షేత్రయ్య పదం, సారంగపాణి పదం, ధర్మపురి సుబ్బరాయర్ జావళి వినపడుతూనే ఉంటాయి. బాలసరస్వతి అభినయానికి అంత పేరు రావడంలో క్షేత్రయ్యకి పెద్ద వాటా ఉంది. తెలుగు ఒక్క ముక్క రాని వందలమంది శరీరాల్లో మన భాష ఉంది. వేళ్ళకి వచ్చు, కనుబొమలకి వచ్చు. మనం మాత్రం ఆ పదాలని సాహిత్యంగా చదివి, శృంగారమా భక్తా అని వాదించుకుని పుస్తకం మూసేస్తాం. ఆ పదం ఒక శరీరం మీద ఏం చేస్తోందో చూసి రాసేవాళ్ళు తక్కువ.

ఇటువైపు నటరాజ రామకృష్ణ గారు జాయప సేనాని ‘నృత్తరత్నావళి’నీ, రామప్ప గుడి శిల్పాలనీ పట్టుకుని పేరిణిని మళ్ళీ నిలబెట్టారు. ఆంధ్రనాట్యానికి ప్రాణం పోశారు. ఒక మనిషి ఒక జీవితంలో అంతకంటే ఏం చేస్తాడు? కానీ ఆ పని తర్వాత మన దగ్గర నాట్యం గురించిన మాట అంతా పునరుద్ధరణ చుట్టూనే తిరుగుతోంది. ఏది పాతది, ఏది మనది, ఎవరు ముందు. రాతిలో ఉన్న భంగిమని శరీరంలోకి తేవడం ఒక ప్రశ్న. ఇప్పుడు ఇక్కడున్న శరీరం, కంప్యూటర్ ముందు కూచున్నది, ట్యాంకరు దగ్గర నిలబడ్డది, ఎలా కదలాలి అన్నది ఇంకో ప్రశ్న. రెండో ప్రశ్న తెలుగులో అడిగినవాళ్ళు నాకు ఎక్కువగా కనపడలేదు.

*

ఇంతదాకా రాసింది మొదట ఒక స్నేహితుడికి చెప్పాను. కడప వైపు మనిషి, నా రోడ్డు మీదే ఇంకో ఆఫీసులో పనిచేస్తాడు. అంతా ఓపిగ్గా విని ఒకటే అడిగాడు: “ఆయమ్మ బిగుసుకుపోయింది, సరే సామీ. దాంతో మనూరికి ఒక బిందె నీళ్ళన్నా వచ్చినాయా?”

ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకునే హక్కు నాకు లేదు. ఆమె నాట్యం చూసినవాళ్ళు ఎక్కువమంది బొంబాయి, ఢిల్లీ, చెన్నై, యూరప్ నగరాల్లో టికెట్టు కొనగలిగినవాళ్ళు. మా ఊళ్ళో ‘శరీర’ ఎవరూ చూడలేదు. చూపిస్తే మధ్యలో లేచిపోతారని కూడా నాకు తెలుసు. కరువు వాళ్ళకి కరువు సౌందర్యం అక్కర్లేదు, నీళ్ళు కావాలి.

పైగా నీళ్ళ లెక్క ఇంకో రకంగా ఉంది. చెన్నై తాగే నీళ్ళలో ఒక వాటా తెలుగు గంగది. 1983లో ఒప్పందం కుదిరింది, 1996లో నీళ్ళు చేరాయి. ఏటా 15 టీఎంసీలు అని రాసుకున్నారు, దారిలో పోయేవి పోగా 12 అందాలి. శ్రీశైలం దగ్గర మొదలై కర్నూలు, కడప నేలల మీదుగా, సోమశిల, కండలేరు దాటి పూండికి వస్తుంది ఆ కృష్ణ నీరు. కాలవ గట్టు మీద నిలబడి మా వాళ్ళు అది దక్షిణానికి పోవడం చూస్తారు. బీసెంట్ నగర్‌లో ఏ ఇంటి కుళాయి తిప్పినా, నా ఆఫీసు క్యాంటీన్‌లో గ్లాసు నింపినా, అందులో ఆ కాలవ ఎంతో కొంత ఉంటుంది.

2019 జూన్‌లో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ దాదాపు ఎండిపోయాయి. మా రోడ్డు మీద కంపెనీలు ఉద్యోగుల్ని ఇంటి నుంచి పని చేసుకోమన్నాయి. జులైలో జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు తెచ్చారు, రైలుకి 25 లక్షల లీటర్లు. మా వీధిలో ట్యాంకరు వచ్చే టైము వాట్సాప్‌లో తెలిసేది. ప్లాస్టిక్ బిందెలు రంగు రంగులవి క్యూలో ఉండేవి, మనుషులు నీడలో నిలబడేవాళ్ళు. నేను రెండు క్యాన్లు పట్టుకుని నిలబడ్డాను. నా ముందు ఒకావిడ, మా అమ్మ వయసుంటుంది, నిండిన బిందెని మోకాలి మీదికి, మోకాలి నుంచి నడుం మీదికి, ఒక్క చుక్క ఒలకకుండా ఎత్తుకుంది. తుంటి ఒక పక్కకి ఒరిగింది, వెన్ను దానికి ఎదురు ఒరిగింది, రెండో చెయ్యి గాల్లో తూకానికి నిలబడింది. ఆవిడ అలా వీధి చివరిదాకా నడిచి వెళ్ళడం చూస్తూ నిలబడ్డాను. వెనకనుంచి ఎవరో తమిళంలో, ముందుకి జరగమని కేకేశారు.

నా స్నేహితుడికి చెప్పిన జవాబు ఇది: రాలేదు. ఒక్క బిందె కూడా రాలేదు. నీళ్ళు తెచ్చేది కాలవలూ, వాటి కోసం జరిగే పోరాటాలూ. నాట్యం ఆ పని చెయ్యదు, చేస్తానని చంద్రలేఖ చెప్పలేదు కూడా. కానీ నీళ్ళు మోసే మనిషిని చూసి అయ్యో అనడం ఒకటి, ఆ నడకలో ఉన్న తూకం, బలం, చదువు చూడగలగడం ఇంకొకటి. అయ్యో అనడం మనకి బాగా వచ్చు. రెండోది చూడటం నాకు ఆ బీసెంట్ నగర్ ఇంట్లోంచి వచ్చిన పనుల వల్ల కొంచెం అలవాటైంది.

వాడు కాసేపు ఊరుకున్నాడు. తర్వాత, “ఈసారి ఏదన్నా ఆడితే చెప్పు, నేనూ వస్తా. నచ్చకపోతే మాత్రం మధ్యలో లేచొచ్చేస్తా” అన్నాడు. లేచి రావచ్చని చెప్పాను.